జిమ్నీని లేపించే ముందు టేపు పట్టుకుని బండి కిందకి దూరండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది గోకవరం దగ్గర పల్లెటూరు. కిందటేడాది మారుతి జిమ్నీ, మాన్యువల్ గేర్లది, తీసుకున్నాను. వారమంతా ఉద్యోగానికి రాజమండ్రి, ఆదివారం స్నేహితులతో మారేడుమిల్లి వైపు. అమ్మానాన్నల్ని పొలానికి తీసుకెళ్లేదీ ఇందులోనే. ఈ వానల్లో రెండుసార్లు ఇరుక్కుపోయాను. ఒకసారి పొలం డొంకలో ట్రాక్టర్ చక్రాల గాడుల్లోకి దిగితే, మధ్య మిట్టకి బండి అడుగు ఆనేసి టైర్లు ఊరికే తిరిగాయి. ఇంకోసారి కొండదారిలో చిన్న వాగు ఏటవాలుగా దాటుతుంటే ఎడమ వెనక టైరు గాల్లోకి లేచి బండి ఆగిపోయింది. స్నేహితులంతా మూడంగుళాలు లేపించెయ్, పెద్ద టైర్లు వేసెయ్ అంటున్నారు. వాళ్లలో ఇద్దరివి మహీంద్రా థార్‌లు. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు స్పేసర్ దిమ్మలు పెట్టి ఒక్కరోజులో చేసిస్తామన్నారు. దాచుకున్న డబ్బు చేతిలో ఉంది. ఎన్ని అంగుళాలు లేపమంటారు? ఆర్టీవో వాళ్లతో ఇబ్బంది ఉంటుందా? వెనక సీట్లో కూర్చుంటే అమ్మ ఇప్పటికే నడుం నొప్పి అంటోంది. అదొక టెన్షన్.

సమాధానం: రెండు సంఘటనలూ విడివిడిగా రాసి మంచి పని చేశారు. ఆ రెండూ ఒకటే జబ్బు కాదు. మీరనుకుంటున్న మూడంగుళాల లిఫ్ట్ మొదటిదాన్ని నయం చెయ్యదు. స్పేసర్లతో చేయిస్తే రెండోది ఇంకా ముదురుతుంది. అందుకే ఆ డబ్బు ఇంకొన్నాళ్లు చేతిలోనే ఉంచుకోమని ముందే చెబుతున్నాను.

డొంకలో జరిగిన సంగతి ముందు చూద్దాం. ఆదివారం బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, చక్రాలకి ఇటూ అటూ రాళ్లు పెట్టండి. ఓ గోనెసంచి పరుచుకుని టార్చిలైటుతో కిందకి చూడండి. జాకీ మీద లేపొద్దు, బండి నాలుగు చక్రాల మీదే ఉండాలి. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా లావుపాటి ఇనుప గొట్టం ఒకటి కనిపిస్తుంది. అది ఇరుసు. దాని మీద ఒకచోట చిన్న గుమ్మడికాయలా ఉబ్బిన భాగం, ఇంజన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్. మిట్టకి రాసుకున్న గీతలు దాని అడుగున ఇంకా ఉండి ఉంటాయి. నేల నుంచి అక్కడికి టేపు పెట్టండి. జిమ్నీకి కంపెనీ చెప్పే 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్‌ని తేల్చేది ఆ గుమ్మడికాయే.

ఇప్పుడు స్ప్రింగ్ ఎక్కడుందో చూడండి. ఇరుసుకి పైన, ఛాసిస్‌కి కింద. పొడుగు స్ప్రింగ్ వేస్తే లేచేది ఛాసిస్, దాని మీదున్న బాడీ, లోపల కూర్చున్న మీరు. ఇరుసు చక్రాలతోనే ఉంటుంది కాబట్టి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మూడు కాదు, ఆరంగుళాలు లేపినా ఆ గుమ్మడికాయ నేలకి అంతే ఎత్తులో ఉంటుంది, అదే మిట్టకి అలాగే ఆనుకుంటుంది. మీ స్నేహితుల థార్‌ల సంగతి వేరు. థార్‌కి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), అక్కడ డిఫరెన్షియల్ బండి బాడీతో పాటే లేస్తుంది. జిమ్నీకి ముందూ వెనకా రెండు చక్రాలనీ కలిపే ఒంటి ఇరుసులే. వాళ్లు చెప్పింది వాళ్ల బండికి కొంతవరకు నిజమే కానీ మీ బండికి కాదు.

జిమ్నీలో ఇరుసుని నేల నుంచి పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అది ఎంత లేపుతుందో లెక్క చూడండి. మీ 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703 అవుతుంది. పెరిగిన ఎత్తులో సగమే ఇరుసుకి దక్కుతుంది కాబట్టి లాభం 5 మి.మీ. 235/75 ఆర్15 అయితే 733, లాభం 20 మి.మీ. ఆ 20 మి.మీ.కి బదులు కట్టాల్సింది కూడా ఉంది. టైరు చుట్టుకొలత దాదాపు 6 శాతం పెరుగుతుంది కాబట్టి మీటరు ఇప్పుడు చూపేదానికంటే అంత మేర తక్కువ చూపిస్తుంది, ప్రతి గేరూ కాస్త బరువెక్కుతుంది. జిమ్నీ ఇంజన్ టార్క్ 134 ఎన్ఎం, అదీ 4000 ఆర్‌పీఎం దగ్గర. నలుగురితో ఘాట్ ఎక్కుతుంటే ఆ తేడా కాలికి తెలుస్తుంది. పైగా కొన్ని టైర్లు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల ఆనుకుంటాయి, కొనే ముందు ఒకటి ఎక్కించి చూడాలి. మీ వాడకానికి 215/75లో రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే మంచి ఆల్-టెర్రైన్ టైర్లు చాలని నా అభిప్రాయం. ఆ 5 మి.మీ. కోసం చెప్పడం లేదు. వాన నీటికి నానిన ఎర్రమట్టిలో ఆ టైర్ల మీది ముద్దల పట్టు కోసం చెబుతున్నాను.

డొంకకి అసలు మందు డ్రైవింగ్‌లో ఉంది. ట్రాక్టర్ చక్రాలు మీ టైర్ల కంటే చాలా పెద్దవి. ఆ గాళ్లు లోతుగా ఉన్నప్పుడు రెండు వైపులా అందులోకే దిగితే మధ్య మిట్ట తగలక తప్పదు. ఒక వైపు చక్రాల్ని ఆ మిట్ట మీద, రెండో వైపువి గట్టు వైపు అంచు మీద నడపాలి. అప్పుడు గాడి బండి కింద నుంచి పోతుంది. తడిసిన అంచు జారొచ్చు, గట్టు అవతల కాలవ ఉంటే ప్రమాదం. అందుకే ముందు దిగి నడిచి చూడండి. గాడి లోతు మీ మోకాలికి సగం దాటితే ఆ పూట పొలానికి నడిచి వెళ్లడమే మేలు.

ఇక వాగు దగ్గరికి వద్దాం. సస్పెన్షన్ అసలు పని తెలిసేది ఇక్కడే. బండిని ఎత్తుగా నిలబెట్టడం దాని ముఖ్యమైన పని కాదు. నేల ఎటు వంగితే అటు వంగి నాలుగు టైర్లనీ నేలకి అదిమి ఉంచడం దాని పని. ఒక చక్రం గుంటలోకి దిగాల్సి వచ్చినప్పుడు స్ప్రింగ్ సాగాలి, షాకబ్జార్బర్ అంత పొడుగు రావాలి. అది రాలేనప్పుడు చక్రం గాల్లో వేలాడుతుంది. డిఫరెన్షియల్ స్వభావం కొద్దీ ఇంజన్ శక్తి పట్టులేని ఆ చక్రానికే పోతుంది. మీకు జరిగింది అదే.

స్పేసర్ అంటే స్ప్రింగ్ మీద పెట్టే దిమ్మ, అంతే. షాకబ్జార్బర్ మాత్రం పాతదే. మూడంగుళాలంటే 76 మి.మీ. బండి నిలబడి ఉన్నప్పుడే షాకబ్జార్బర్ ఆ 76 మి.మీ. సాగిపోయి ఉంటుంది. చక్రం కిందకి దిగడానికి ఉన్న మేరలో అంత భాగం ముందే ఖర్చైపోయినట్టు. ఇంతకుముందు అడుగు లోతు గుంటలో లేచిన టైరు ఇప్పుడు అంతకంటే చిన్న గుంటలోనే లేస్తుంది. షాకబ్జార్బర్ చివరి దాకా లాగబడి ప్రతిసారీ టంగుమని కొట్టుకుంటుంది. కొన్నాళ్లకి సీల్ పోయి ఆయిల్ కారుతుంది. చూడ్డానికి బండి ఠీవిగా ఉంటుంది కానీ దారి మీద పాత బండి కంటే ముందే ఇరుక్కుంటుంది. అందుకే స్పేసర్లు వద్దంటే వద్దు.

పైసా ఖర్చు లేకుండా వాగు దగ్గర చెయ్యగలిగినవి మూడున్నాయి. మొదటిది గాలి తగ్గించడం. మట్టిదారి మొదలయ్యే చోట 18 నుంచి 20 పీఎస్ఐకి దించండి. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాయి అంచుకి మెత్తగా చుట్టుకుంటుంది. గోదావరి ఇసుకలో అయితే 15 దాకా వెళ్లొచ్చు, కానీ అప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పకూడదు, రిమ్ము నుంచి టైరు ఊడొచ్చు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి కాబట్టి సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కోండి. నా బండిలో దానికంటే ఎక్కువ అక్కరకొచ్చిన వస్తువు లేదు.

రెండోది, వాగుని మరీ ఏటవాలుగా దాటకండి. బంపరు తగులుతుందన్న భయంతో చాలామంది అలా కోసుకుంటూ దిగుతారు. అందువల్లే ఎదురెదురు మూలల చక్రాలు లేస్తాయి. జిమ్నీ ముందు వైపు 36 డిగ్రీల వాలుని తట్టుకుంటుంది, వెనక వైపు ఇంకా ఎక్కువ. చిన్న వాగైతే దాదాపు ఎదురుగా తిన్నగానే దిగి ఎక్కొచ్చు. మూడోది, టైరు లేచి తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదిలెయ్యకండి. జిమ్నీలో ఊరికే తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టి శక్తిని రెండో వైపుకి పంపే ఏర్పాటు ఉంది. అది పట్టుకోవడానికి కాస్త సమయం కావాలి. ఫోర్-ఎల్‌లో (నాలుగు చక్రాలకీ ఎక్కువ బలం ఇచ్చే నెమ్మది గేరు) మొదటి గేరు వేసి, కాలు కదపకుండా ఒకే ఒత్తిడి మీద ఉంచండి. కటకటమని శబ్దం వస్తుంది, బండి కాస్త వణుకుతుంది, తర్వాత నెమ్మదిగా కదులుతుంది. ఆ శబ్దానికి భయపడి కాలు తీసేసిన వాళ్లని చాలామందిని చూశాను. మీరూ అదే చేసి ఉంటారని నా అనుమానం.

ఇవన్నీ చేశాక కూడా ఒక సీజను తిరిగి, ఇంకా చాలడం లేదనిపిస్తే అప్పుడు లిఫ్ట్ సంగతి మాట్లాడుకోవచ్చు. లిఫ్ట్ వల్ల లాభమే లేదని నేననను. ఐదు తలుపుల జిమ్నీకి చక్రాల మధ్య దూరం 2590 మి.మీ., అందుకే దిబ్బ ఎక్కి దిగేటప్పుడు నడుం కింద తట్టుకునే కోణం 24 డిగ్రీలే. విదేశాల్లో అమ్మే మూడు తలుపుల పొట్టి జిమ్నీకి అది 28. బాడీని 50 మి.మీ. లేపితే మన బండి కూడా లెక్క ప్రకారం ఆ 28 దగ్గరికి వస్తుంది. ఇది నిజమైన లాభం. కానీ అక్కడితో ఆగాలి. వెడల్పు 1645 మి.మీ., ఎత్తు 1720 మి.మీ. ఉన్న బండి ఇది, వెడల్పు కంటే ఎత్తే ఎక్కువ. పక్కకి వాలిన కొండదారిలో మూడంగుళాలు లేపిన జిమ్నీలో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టమని నేను చెప్పలేను.

లేపిస్తే రెండంగుళాల లోపు, పూర్తి కిట్. పూర్తి కిట్ అంటే ఏమిటో తెలిసి ఉండటం మంచిది, షాపులో అడగడానికి పనికొస్తుంది. స్ప్రింగులతో పాటు వాటికి సరిపడే పొడుగున్న షాకబ్జార్బర్లు, లోపలికి అణిగేటప్పుడు అవి కొట్టుకోకుండా కిందకి పెంచిన బంప్‌స్టాపులు, పొడుగు బ్రేక్ గొట్టాలు, క్యాస్టర్ సరిచేసే బుష్‌లు, అడ్డంగా ఉండే లేటరల్ రాడ్‌కి సర్దుబాటు. వీటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ వదిలేసేది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ కాస్త ముందుకి వాలి ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలినా చక్రం తిన్నగా పోతుంది. జిమ్నీ ముందు ఇరుసుకీ అలాంటి వాలే ఉంది. బాడీని లేపినప్పుడు ఇరుసుని పట్టుకున్న చేతులు కిందకి వంగి, ఇరుసు ముందుకి తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది. అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ పోతుంటుంది. కొందరు షాపువాళ్లు స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే చిన్న షాకబ్జార్బర్) వేసి సరిచేశామంటారు. అది రోగాన్ని కప్పిపెట్టడమే. లేటరల్ రాడ్ కూడా అంతే. లేపగానే అది ఇరుసుని ఒక పక్కకి లాగుతుంది, వెనక నుంచి చూస్తే ఒక టైరు ఎక్కువ బయటకి కనిపిస్తుంది.

నా జిమ్నీకి రెండంగుళాల కిట్ వేయించాక జరిగింది చెబుతాను. వేయించిన మూడు వారాలకి దేవరపల్లి దాటాక వంతెన జాయింటు మీద 65 కి.మీ. వేగంలో ఎక్కాను. స్టీరింగ్ ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. పట్టుకుంటే మోచేతుల దాకా అదిరింది. బ్రేకు గట్టిగా తొక్కకుండా వేగం తగ్గనిచ్చి పక్కన ఆపాను. కింద పడుకుని చూస్తే ముందు లేటరల్ రాడ్ బోల్టు పానా పెట్టగానే సగం చుట్టు తిరిగింది. విప్పితే లోపలి రబ్బరు బుష్ ఒక వైపు చీలి, చీలిన చోట నల్లటి పొడి రాలుతోంది. చేసిన తప్పు చాలా చిన్నది. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. దించేసరికి బుష్ అప్పటికే మెలితిరిగి ఉంది, రోడ్డు మీద ప్రతి కుదుపుకీ ఇంకా మెలితిరిగి చిరిగింది. రబ్బరు బుష్‌ల బోల్టులు ముందు వదులుగా పెట్టి, బండిని నేల మీదకి దించి, నాలుగుసార్లు ఊపి, బరువు చక్రాల మీద ఉండగా టార్క్ రెంచ్‌తో బిగించాలి. 500 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. మీ మెకానిక్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, "బుష్ బోల్టులు ఎప్పుడు బిగిస్తారు?" జవాబు వినగానే అతనికి పని తెలుసో లేదో మీకు అర్థమవుతుంది. ఒక్కరోజులో చేసిస్తామన్న షాపుకి కూడా ఇదే ప్రశ్న వెయ్యండి.

పని అయ్యాక మీరే చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఒక ముందు చక్రాన్ని గట్టు మీదకి ఎక్కించి, లోపల ఒక మనిషి చేత బ్రేకు తొక్కించి పట్టించి, పక్క నుంచి వంగి వేలాడే చక్రం దగ్గరి బ్రేక్ గొట్టాన్ని చూడండి. బండి కిందకి మాత్రం దూరొద్దు. ఆ గొట్టం వింటినారిలా బిగిసి ఉంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. కాస్త వంపు మిగలాలి. ఏబీఎస్ వైరు కూడా అంతే. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, వాటినీ దించాలి.

బరువు సంగతి. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1200 కిలోలు, అన్నీ కలిపి మొయ్యగలిగేది 1545. అంటే మిగిలేది 345 కిలోలు. నలుగురు కూర్చుంటే 280 దాకా అయిపోతాయి. ఆ తర్వాత ఇనుప బంపరు, వించ్, పైన క్యారియర్ పెట్టాలనుకుంటే లెక్క మీరే చూసుకోండి. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన ఆ 1545 పెరగదు. స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలన్నది రోజూ బండిలో ఉండే బరువుని బట్టి ఉంటుంది. ఎప్పుడూ సామానుతో తిరిగే వాళ్ల కోసం చేసిన స్ప్రింగుల్ని ఖాళీ బండికి వేస్తే ప్రతి గతుకూ వెన్నుకి తగులుతుంది.

అమ్మగారి నడుం నొప్పికి లిఫ్ట్ మందు కాదు, రెండంగుళాలు పెరిగితే ఎక్కడం దిగడం ఇంకా కష్టం. ముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంతుందో అంతే ఉండాలి. బంకుల్లో అలవాటు కొద్దీ ఎక్కువ కొట్టేస్తారు, తేలిక బండికి అది వెనక సీట్లో బాగా తెలుస్తుంది. గాలి సరిచేశాక కూడా నొప్పి ఉంటే ఆవిణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక సీటు దాదాపు ఇరుసు మీదే ఉంది కాబట్టి అక్కడి కుదుపు ఎక్కువ. మీ డబ్బులో లిఫ్ట్ లేకుండా కేవలం మంచి షాకబ్జార్బర్లు మాత్రం వేయించుకోవడం కూడా ఒక దారే. గతుకుల దారిలో గంట తిరిగాక పాతవాటి నుంచి ఆయిల్ కారుతున్నా, గతుకు దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతున్నా వాటి పని అయిపోయినట్టే.

ఆర్టీవో గురించి. చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. కంపెనీ ఇచ్చిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకి, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. జరిమానా కంటే నాకు భయం ఇన్సూరెన్స్ విషయంలో. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కిట్ కొనక ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. వాళ్లు కాదంటే వేయించకండి. వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో అడగాలి.

ఈ ఆదివారం చెయ్యాల్సింది ఇంతే. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు అంకెలు రాసుకోండి. తర్వాత అమ్మ, నాన్న, మీరు, మామూలుగా వేసుకెళ్లే సామాను అంతా ఎక్కించి మళ్లీ కొలవండి. డిఫరెన్షియల్ కింద కొలిచింది కూడా పక్కన రాయండి. ఆ తొమ్మిది అంకెలూ, టైరు స్టిక్కరు మీద ఉన్న గాలి లెక్కా నాకు రాసి పంపండి. వెనక స్ప్రింగులు ఎంత అణుగుతున్నాయో చూస్తే మీకు స్ప్రింగులు కావాలో, షాకబ్జార్బర్లు చాలో, అసలు ఏమీ అక్కర్లేదో చెప్పగలను.